గరుడ నాలుగు, లొకేషన్ చెప్పు

ఆ మధ్యాహ్నం పోలీసు కంట్రోల్ రూమ్ గరుడ నాలుగును తొమ్మిదిసార్లు పిలిచింది. మామూలుగా రెండో పిలుపుకే పలికే జీపు అది. తొమ్మిదోసారి కూడా జవాబు రాకపోయేసరికి గరుడ రెండు అందుకుంది. తాను లక్డారం కమాను దాటి వస్తున్నానని, రోడ్డు పక్కన గరుడ నాలుగు బోల్తా పడి ఉందని చెప్పింది.

"స్టాఫ్ సేఫ్ సార్. డ్రైవర్‌కు చెయ్యి ఇరిగింది. ప్రైవేట్ పర్సన్ ఒకడు పోయిండు. ఓవర్."

నేను రేడియో మీద తువ్వాలు కప్పి, గదికి తాళం వేసి, కింద ఎస్టీడీ బూత్‌కు వెళ్ళాను. హైదరాబాద్‌లో డెస్కుకు లైను కలిసేసరికి మూడు నలభై. జిల్లా పేజీ అప్పటికే కట్టేస్తున్నారు.

"చెప్పండి పటాన్‌చెరు, త్వరగా. నాలుగు వాక్యాలకు మించి జాగా లేదు," అన్నాడు సబ్ ఎడిటర్.

నాలుగు వాక్యాలే చెప్పాను. బొంబాయి రోడ్డు మీద గస్తీ జీపు బోల్తా పడింది. డ్రైవర్‌కు చెయ్యి విరిగింది. జీపులో ఉన్న హెడ్ కానిస్టేబుల్ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. లిఫ్ట్ అడిగి ఎక్కిన వ్యక్తి ఒకరు మరణించారు. హెడ్ కానిస్టేబుల్ పేరు కూడా ఇచ్చాను. చనిపోయిన మనిషి పేరు నాకు తెలియదు.

ఆ నాలుగు వాక్యాల్లో నేను కళ్ళతో చూసింది ఒక్కటీ లేదు. ఫోన్ పెట్టేశాకే లక్డారం వైపు వెళ్ళే లారీ ఎక్కాను. నేను వెళ్ళేసరికి జీపును తాళ్ళు కట్టి లేపేశారు, మనుషులను సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయారు. పడమటి నుంచి వాన వచ్చింది. రోడ్డు మీద కారిన డీజిల్ రంగురంగులుగా పారుతుంటే కాసేపు నిలబడి చూసి, ఇంకో లారీ ఎక్కి తిరిగొచ్చాను.

ఇది తొంభైల మధ్యలో మాట. అప్పుడు నేను పటాన్‌చెరులో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ను. అంటే జీతం మీద ఉన్నవాణ్ణి కాదు. నియామక పత్రం లేదు, గుర్తింపు కార్డు కూడా లేదు. రోడ్డు మీద ఉన్న ఒక ధర్మకాంటా పైన గది తీసుకుని ఉండేవాణ్ణి. పొద్దస్తమానం లారీలు వచ్చి కింద తూకం ప్లేటు మీద ఆగేవి. బరువు లారీ ఎక్కితే నా మంచం కూడా కొంచెం కదిలేది. పక్క గదుల్లో పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడిశా కూలీలు ఉండేవాళ్ళు. ఒక షిఫ్టు వాళ్ళు లేచి వెళ్తే ఇంకో షిఫ్టు వాళ్ళు వచ్చి అదే పక్కల మీద పడుకునేవాళ్ళు. వాళ్ళ ముఖాలు గుర్తుపట్టేలోపే మనుషులు మారిపోయేవాళ్ళు.

నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. డెస్కుకు నేను పటాన్‌చెరును. సంగారెడ్డి విలేకరి సంగారెడ్డి, జహీరాబాద్ విలేకరి జహీరాబాద్. ఏ ఊరి వార్త పంపితే ఆ ఊరి పేరే మా పేరు. మెస్సులో నన్ను పేపర్ సార్ అనేవాళ్ళు, ఇంటి యజమాని పై గదాయన అనేవాడు. పండుగలకు వెళ్ళడానికి నాకు పెద్దగా ఎవరూ మిగల్లేదు. ఇంత వివరంగా చెప్పడం ఎందుకంటే, రేడియో ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగితే వార్తల కోసం అని చెప్పేవాణ్ణి. అది సగమే నిజం.

ఆ రేడియో మా ఇంటి యజమాని తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చుకున్నది, అతని దగ్గరే కొన్నాను. నల్లటి జపాన్ సెట్టు, పొడవాటి ఏరియల్, నాలుగు బ్యాండ్లు. మొదటి మూడింట్లో పాటలు, వార్తలు వచ్చేవి. నాలుగో బ్యాండులో ముల్లు జరుపుతూ పోతే ఒకచోట బరబర మధ్యలోంచి మనుషులు మాట్లాడేవాళ్ళు. అది పోలీసు వైర్‌లెస్. దాన్ని వినడం నేరమని నాకు తెలుసు. చాలామంది విలేకరులు ఠాణాలో బెంచీ మీద కూర్చుని, అక్కడి సెట్టులో వచ్చేది వింటూ వార్తలు పట్టుకునేవాళ్ళు. నేను నా గదిలోనే కూర్చుని వినేవాణ్ణి, అంతే తేడా అని నాకు నేను చెప్పుకున్నాను.

మొదటి నెల ఏమీ అర్థం కాలేదు. మంజీర, నంది, గరుడ అనే మాటలు, వాటి వెనక అంకెలు. (ఇక్కడ రాస్తున్న పిలుపులు అసలువి కావు, మార్చాను.) వైర్‌లెస్‌లో పేరు ఎత్తకూడదన్నది వాళ్ళ పద్ధతి. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి నాకు ఉన్న ఆధారం నా కిటికీ ఒక్కటే. అది రోడ్డు వైపు ఉండేది. మంజీర ఒకటి ముత్తంగి దాటిందని వినగానే గడియారం చూసుకుని కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. పది నిమిషాలకు పెద్ద అధికారి కారు కింద నుంచి పోయేది. స్టెనో పుస్తకంలో ఎడమ వైపు మంజీర ఒకటి అని, కుడి వైపు ఆయన పేరు రాసుకునేవాణ్ణి. అలా ఆరేడు నెలల్లో రెండు పేజీలు నిండాయి. పుస్తకం మూసి పరుపు కింద పెట్టుకుంటున్నప్పుడు, ఊరంతా నాకు తెలిసినట్లే ఉండేది.

గరుడ నాలుగు ఎదురుగా హెడ్ కానిస్టేబుల్ పేరు రాశాను. పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా తిరిగే గస్తీ జీపు అది. కిటికీలోంచి చూసినప్పుడు ముందు సీట్లో ఆయనే కనిపించాడు. రెండుసార్లు చూసి రూఢి చేసుకున్నాను. మూడోసారి చూడలేదు.

గరుడ నాలుగు రెండు రకాలుగా పలికేది. పొద్దున పూట గొంతు కరుకుగా, ముక్తసరిగా ఉండేది. మధ్యాహ్నం నుంచి మెత్తగా, కాస్త సాగదీస్తూ వచ్చేది. పొద్దంతా దుమ్ములో తిరిగి మనిషి అలసిపోయి ఉంటాడనుకున్నాను. వైర్‌లెస్‌లో గొంతులన్నీ ముక్కుతో మాట్లాడినట్లే ఉంటాయి, టీ బండి దగ్గర విన్న ఆయన గొంతును అక్కడ పోల్చుకోవడం కష్టం. ఆ మెత్తని గొంతుకు ఒక అలవాటు ఉండేది. ఉన్న చోటు చెప్పి ఊరుకునేది కాదు.

"గరుడ నాలుగు, లొకేషన్ చెప్పు."

"ఇస్నాపూర్ చౌరస్తా సార్. పడమట మొగులు పట్టింది."

"మొగులు ముచ్చట నిన్నెవలడిగిండ్రు? లొకేషన్ ఒక్కటే చెప్పు."

"రోజర్ సార్. ఇస్నాపూర్." కాసేపు బరబర. "గాలి గూడ లేసింది సార్."

మధ్యలో గరుడ రెండు దూరేది. "మా దిక్కు ఎండ గొడుతుంది సార్, గది గూడ రాసుకోండ్రి."

"అందరు బంద్ జెయ్యుండ్రి. సెట్టు మీద ఫాల్తూ మాటలొద్దు," అని కంట్రోల్ కసిరేది. మర్నాడు మళ్ళీ మొగులు సంగతి, అంటే మబ్బు కబురు, వచ్చేది.

అది విన్న రోజు నేను బయట తాడు మీద ఆరేసిన బట్టలు తీసుకునేవాణ్ణి. అరగంటకు వాన వచ్చేది. ఒడిశా వాళ్ళు ఇది కనిపెట్టారు. నేను బట్టలు తీస్తే వాళ్ళూ వచ్చి వాళ్ళవి తీసుకునేవాళ్ళు. అది మీకెలా తెలుస్తుందని ఒకతను ఒకసారి హిందీలో అడిగాడు కూడా. "దాదా, ఆప్‌కో కైసే పతా చల్తా హై?" నేను ఆకాశం వైపు చూపించాను. ఆ గొంతు నాతోనే మాట్లాడుతోందని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆ పట్నంలో వాన వస్తుందని నాకు ముందుగా చెప్పే మనిషి ఇంకొకరు లేరు.

ప్రమాదం జరిగిన రోజు మూడు గంటల పది నిమిషాలకు కూడా ఆ గొంతు పలికింది. నా పుస్తకంలో ఉంది. 'గ.నా. లక్డారం దగ్గర. పడమటికెల్లి మొగులొస్తుందట.' అందుకే ఇరవై నిమిషాల తర్వాత స్టాఫ్ సేఫ్ అని వినగానే హెడ్ కానిస్టేబుల్ బతికాడని అనుకున్నాను. అనుకోవడం కాదు, సంతోషించాను. ఇక మిగిలింది ప్రైవేట్ మనిషి. పోలీసు జీపులో ప్రైవేట్ మనిషి ఎందుకు ఉంటాడు? లిఫ్ట్ అడిగి ఉంటాడు. వార్త అలా తయారైంది.

మర్నాడు టీ బండి దగ్గర హెడ్ కానిస్టేబుల్ కనిపించాడు. మోచేతికి కొత్త పట్టీ ఉంది. నన్ను చూసి బండాయనకు ఇంకో చాయ్ చెప్పాడు.

"ఏందన్నా, నువ్వు జీపుల నా ఎనకనే కూసున్నవా ఏంది? గంత కరెక్టుగ రాసినవ్."

"దెబ్బ బాగా తగిలిందా?"

"ఏ, జెర గీసుకపోయింది. గంతే." చాయ్ తాగి, పేపరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "గిది నా దగ్గర ఉంచుకుంట. పనికొస్తది."

మెచ్చుకుంటున్నాడనుకున్నాను. ఆ రోజు ఆయన గొంతు మధ్యాహ్నం వచ్చే గొంతులా లేదన్న సంగతి నేను పట్టించుకోలేదు.

మూడో వారంలో ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సంగారెడ్డికి, అక్కడి నుంచి పటాన్‌చెరుకు రెండు బస్సులు మారి వచ్చానంది. నేను తలుపు తీయగానే చేతిలోని పేపరు ముక్క చూపించింది.

"పేపరాయన ఇల్లు గిదేనా? గిది మీరే రాసిండ్రా?"

"నేనే అమ్మా. లోపలికి వచ్చి కూర్చో."

ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోకుండా గడప దగ్గరే నేల మీద కూర్చుంది. లక్డారం దగ్గర చచ్చిపోయినాయన తన భర్త అని చెప్పింది. హోంగార్డు. పొలం పని ఉన్నప్పుడు పొలం పని, ఠాణా నుంచి పిలుపు వస్తే డ్యూటీ. ఆ రోజు అతని పేరు డ్యూటీలో లేదు. హెడ్ సారుకు ఏదో పని పడితే మనిషిని పంపి పిలిపించాడు. అంగీ మార్చుకునే సమయం కూడా లేక ఇంటి బట్టల మీదే వెళ్ళాడు.

"హెడ్డుసారు మజ్జాన్నం పూట ఎటన్న పోతడు సారూ. సెట్టు పట్టుకొని కూసో, పిలుస్తే పలుకు అని మాయనకు జెప్తడు. రొండేండ్ల సంది గదే పద్ధతి. ఠాణాల అందరికీ ఎర్కనే."

ఆమె పేపరు ముక్క నా ముందు పరిచింది.

"గిండ్ల హెడ్డుసారు ఉన్నడని రాసిండ్రట. మీరు జూసిండ్రా?"

"లేదు."

"మాయన లిఫ్టడిగిండని రాసిండ్రట. అడుగుతుంటె ఇన్నరా?"

"లేదు అమ్మా."

"మరెట్ల రాసిండ్రు?"

ఆమె కోపంగా అడగలేదు. పేపరు రాయడం ఎలాగో నిజంగా తెలుసుకోవాలన్నట్లు అడిగింది. నేను ప్రమాదం జరిగిన చోటి గురించి, డెస్కు తొందర గురించి ఏదో చెప్పబోతున్నాను. మంచం మీద తువ్వాలు కింద రేడియో సన్నగా మోగుతూనే ఉంది. ఆపడం మరిచిపోయాను.

"గరుడ నాలుగు, లొకేషన్ చెప్పు."

"రుద్రారం, సార్," అంది ఎవరిదో కొత్త గొంతు.

ఆమె తువ్వాలు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"గది మాయన పేరు," అంది. "ఇంట్ల పోరలు గట్లనే పిలుస్తరు. గరుడ నాలుగు, బువ్వ దినడానికి రా అని. ఆయన గూడ గట్లనే పలుకుతడు. లొకేషన్ అరుగు మీద సార్, మొగులు లేదు సార్ అని."

అప్పుడు నాకు అర్థమైంది. కాల్ సైన్ మనిషిది కాదు, జీపుది. ముందు సీట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళు ఆ పేరుతో పలుకుతారు. ఆ సంగతి ఠాణాలో ఊడ్చేవాడికి కూడా తెలుసు. ఏడాదిన్నర చెవి ఒగ్గి విని, పుస్తకం రాసుకున్న నాకు తెలియలేదు. నాకు రోజూ వాన కబురు చెప్పిన మనిషి చచ్చిపోతే, అతను బతికాడని రాసి, లిఫ్ట్ అడిగిన వాడెవడో పోయాడని రాశాను.

"ఆయనకు మొగులు మీద అంత ధ్యాస ఎందుకు?" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న అది కాదు.

"ఎకరం చేను సారూ. మోటరు లేదు." పేపరు ముక్క మడిచి కొంగున ముడి వేసుకుంది. "అంటె మీరు ఇన్నరు. ఆ దినం మాయన మాట్లాడుడు ఇన్నరు."

"విన్నాను."

"గంతే జెప్పుండ్రి. జీపుల ఉన్నది మాయననే, సెట్టుల పలికింది మాయననే అని. డూటీల పోయిండని ఒక్క కాయితం మీద రాస్తె నాకు ఠాణాల ఊడ్సే పనన్న ఇస్తరట. పని ఇయ్యకున్నా మంచిదే. లిఫ్టడిగి ఎక్కినోడు అని ఊర్లె అంటున్నరు సారూ. మాయన ఎవ్వల్ని ఏమడగలే."

విచారణ నడుస్తోందని, పై వారం సంగారెడ్డిలో ఒక అధికారి ముందు అందరూ హాజరు కావాలని చెప్పింది. డ్రైవర్ కూడా హెడ్ సారు ఉన్నాడనే చెప్తున్నాడట. హెడ్ సారు పేపరు ముక్క చూపిస్తున్నాడట.

ఆ సాయంత్రమే డెస్కుకు ఫోన్ చేసి సవరణ వేయాలన్నాను.

"ఆధారం ఏమిటండీ?" అన్నాడు సబ్ ఎడిటర్.

"చనిపోయినతని భార్య."

"ఆవిడ అంటుంది లెండి. పోలీసుల మాటేమిటి?"

"గొంతు నేను విన్నాను."

"ఎక్కడ విన్నారు?"

బూత్‌లో మీటరు తిరుగుతోంది. "పటాన్‌చెరూ, ఉన్నారా లైన్లో?" అని రెండుసార్లు అడిగి ఆయన పెట్టేశాడు.

ఆ వారం రేడియో పెట్టలేదు. గది ఎంత ఖాళీగా ఉండేదో అప్పుడు తెలిసింది. లారీ ఎక్కినప్పుడు మంచం కదలడం, పక్క గదిలో ఎవరో దగ్గడం, రసాయనాల వాసన మోసుకొచ్చే గాలి. ఒక రోజు వాన వచ్చి బట్టలన్నీ తడిశాయి. ఒడిశా అతను తడి బట్టలు పిండుకుంటూ నావైపు అదోలా చూశాడు. నమ్మకం పోయినవాడి చూపు అది.

విచారణ రోజు సంగారెడ్డి వెళ్ళాను. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. స్టెనో పుస్తకం నా సంచిలో ఉంది. మూడు పది దగ్గర కాగితం మడిచి పెట్టుకున్నాను. చెప్పాల్సిన వాక్యం బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. నా దగ్గర ఒక రేడియో ఉంది, అందులో విన్నాను, ఇదిగో రాసుకున్న పేజీ. ఇంతే.

అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించాడు. ఆయన బల్ల మీద కంట్రోల్ రూమ్ లాగ్ బుక్కు తెరిచి ఉంది. తలకిందులుగానే చదవగలిగాను. సమయం, కాల్ సైన్, లొకేషన్, రిమార్కు. మూడు పదికి గరుడ నాలుగు, లక్డారం, ఓకే. పేర్లకు అందులో గడి లేదు. మొగులు సంగతి కూడా రాయలేదు.

"మీ పేపరే రాసింది కదా, హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడని," అన్నాడు.

"తప్పు రాశాను సార్. ఉన్నది హోంగార్డు."

"మంచిది. ఎట్ల తెలిసింది మీకు?"

గదిలో ఒక మూల వైర్‌లెస్ సెట్టు మోగుతోంది. అవే గొంతులు, కాకపోతే బరబర లేకుండా స్పష్టంగా. వాటిని అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. నేరం ఒప్పుకుంటే ఏమవుతుంది? కేసు అవుతుంది. కేసు పెడితే కార్డు కూడా లేని నన్ను పత్రిక ఒక్క పూటలో వదిలేస్తుంది. రేడియో తీసుకుపోతారు. ఈ మూడింటిలో ఏది నా నోరు నొక్కిందని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మూడోదే అయి ఉంటుందని అప్పుడప్పుడు అనిపిస్తుంది. అది ఒప్పుకోవడం మిగతా రెండింటికంటే కష్టం.

"విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది సార్," అన్నాను.

ఆయన చిన్నగా నవ్వాడు. "గది పేపర్ల రాయడానికి బాగుంటది. నాకు ఒక పేరు గావాలె. ఏ వర్గమో రాసి సంతకం పెట్టుండ్రి."

ఆయన తెల్లకాగితం నా వైపు జరిపాడు. నేను ఆలోచించి రాసిస్తానని చెప్పి లేచాను. ఆయన బలవంతం చేయలేదు. సంచిలోని పుస్తకం తీయనేలేదు.

వరండాలో ఆమె అడిగింది. "జెప్పిండ్రా సారూ?"

"చెప్పిన," అన్నాను. ఆమె మాటలోనే అన్నాను.

ఆ తర్వాత మరో పదేళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. రేడియో కూడా ఉంది. గరుడ నాలుగును ఎన్నో గొంతులు పలికాయి. ఒక్కటీ వాన సంగతి చెప్పలేదు. పుస్తకంలో కుడి వైపు రాసిన పేర్లన్నీ ఒక రోజు కొట్టేశాను. ఎడమ వైపు అలాగే ఉంచాను. హెడ్ కానిస్టేబుల్ పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నాలు ఆయన ఎక్కడికి వెళ్ళేవాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత పోలీసులు సెట్లు మార్చారు. నాలుగో బ్యాండులో ముల్లు ఎటు తిప్పినా హోరు తప్ప ఏమీ లేకుండా పోయింది. రేడియోను అలమరా పైన పెట్టేశాను.

ఇక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు కాబట్టి అప్పుడు ధైర్యం వచ్చింది. ఏం విన్నానో, ఎలా విన్నానో, విచారణలో ఏం చెప్పలేకపోయానో అంతా రెండు పేజీల్లో రాసి, పుస్తకంలోని పేజీ నకలు జతచేసి, సంతకం పెట్టి జిల్లా పోలీసు ఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపాను. ఇంకో నకలు తీసుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్ళాను. ఆమె పత్తి ఏరుతోంది, వేరేవాళ్ళ చేనులో. గట్టు మీద నిలబడి అంతా చదివి వినిపించాను.

"అంటె అప్పుడు జెప్పలే," అంది.

"చెప్పలేదు."

"నాకెర్కనే సారూ. జెప్పినోడైతె నా మొఖం దిక్కు జూస్తుండె. మీరు బెంచి దిక్కు జూసిండ్రు."

ఏరిన పత్తి ఒడిలోంచి బస్తాలో పోసి, చేతులు తుడుచుకుని కాగితాలు తీసుకుంది. నేను చదివినప్పుడు ఆగిన చోటు గుర్తుంచుకుని, "మొగులు అని ఏడ రాసింది?" అని అడిగింది. చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి చూసింది. పెద్ద కొడుకు పటాన్‌చెరులో పనికి పోతున్నాడని, వాడితో చదివించుకుంటానని చెప్పింది. నన్ను కూర్చోమనలేదు. కోపం కూడా చూపలేదు. బస్సు ఎన్ని గంటలకో చెప్పింది, అది తప్పితే తర్వాతది సాయంత్రానికి గానీ లేదని.

నా ఉత్తరానికి జవాబు రాలేదు. సమాచార హక్కు చట్టం కింద ఆమె పేరుతో ఒక దరఖాస్తు, నా పేరుతో ఒకటి పెట్టాం. రెండింటికీ జవాబులు వచ్చాయి. లాగ్ బుక్కులు నిర్ణీత కాలం తర్వాత నాశనం చేశారని, వాటిలో సిబ్బంది పేర్లు రాసే పద్ధతి ఎప్పుడూ లేదని మొదటి పేరాలో ఉంది. హోంగార్డు మరణంపై విచారణ నివేదిక ఏమైందన్న ప్రశ్నకు ఎదురుగా ఆమె కాగితంలోనూ, నా కాగితంలోనూ ఒకటే మాట ఉంది: పరిశీలనలో ఉన్నది.